నలభయ్యో కప్పు

ఆదివారం, రాత్రి

ఈరోజు చర్చిలో ప్రభు బల్ల, యేసును తలచుకుని రొట్టె, ద్రాక్షారసం తీసుకునే రోజు. ఆరాధన అయ్యాక అందరూ బయట వందనాలు చెప్పుకుంటుంటే, నేనూ అక్కా వెనక గదిలో కప్పులు కడిగాం. బొటనవేలంత కప్పులు, ట్రేకి నలభై. అడుగున ద్రాక్షారసం ఎండితే గుడ్డ కొస మెలిపెట్టి, వేలితో లోపలికి తోసి తిప్పాలి. లేదంటే ఎర్రటి గీత ఉండిపోతుంది. వెలుతురుకి ఎత్తి చూస్తే తప్ప కనపడదది.

పాటల్లో చేరాలని ఎంతో ఆశపడ్డాను. అక్కడ చోటు లేదని ఇక్కడికి పంపారు. మొదట్లో ఇంటికొచ్చి ఏడ్చిన ఆదివారాలున్నాయి.

పేర్ల జాబితాయే కదా అని ఎన్నిసార్లు దాటేశానో, బైబిల్లోని మొదటి దినవృత్తాంతముల గ్రంథం 9వ అధ్యాయం. నిరుడు నిదానంగా చదివితే 28వ వచనం దగ్గర ఆగిపోయాను. సేవకు వాడే పాత్రల్ని లెక్కపెట్టి లోపలికి తేవాలి, లెక్కపెట్టి బయటికి తీయాలి. ఆ పని కొందరికి అప్పగించారట. నా పనే! మందిరం గడపల దగ్గర కావలి కాసినవాళ్లు 212 మంది అని కూడా రాసుంది. వాళ్లలో కోరహు వంశంవాళ్లున్నారు. దేవుని మందిర ద్వారం దగ్గర ఉండటమే నాకిష్టం అన్న 84వ కీర్తన కోరహు కుమారులదే. ఆ మాట ఊరికే అన్నది కాదు, గడప దగ్గర నిలబడ్డ ఇంటివాళ్లన్నది.

ఇవాళ లెక్క తప్పింది. రెండో ట్రేలో 39.

"ఇంకోసారి చూడమ్మా," అంది అక్క.

చూశాను. లేదు. బెంచీల కింద వెతుక్కుంటూ పోతే చివరి వరసలో, గోడవారన దొరికింది. నిండుగా ఉంది. చుక్క కూడా ఒలకలేదు. ఎవరో తీసుకున్నారు, చేతిలో పట్టుకుని కూర్చున్నారు, తాగలేకపోయారు. ఎవరూ చూడకుండా అంత జాగ్రత్తగా కింద పెట్టి వెళ్లారు. ఆ కప్పు తాగే ముందు తన్ను తాను పరీక్షించుకోవాలన్న అపొస్తలుడు పౌలు మాట వాళ్ల గుండెలో ఎక్కడ తగిలిందో. వాక్యం చెప్పినవాళ్లకి, పాటలు పాడినవాళ్లకి ఈ సంగతి తెలియదు. మాకే తెలిసింది.

పాస్టరు గారికి చెబుదామా అన్నాను. అక్క తల అడ్డంగా ఊపి, తడిచేతులు కొంగుకి తుడుచుకుని కళ్లు మూసుకుంది. పేరు తెలియని ఆ మనిషి కోసం ఇద్దరం చాలాసేపు ప్రార్థన చేశాం. తర్వాత ఆ రసం పెరట్లో మొక్క మొదట్లో పోసి, కప్పు కడిగి, వెలుతురుకి ఎత్తి చూసి ట్రేలో పెట్టాను.

"నలభై," అంది అక్క, బీరువా తాళం వేస్తూ.