సోమవారం, 61.2 కిలోలు

పొద్దున్నే నాన్న ఎడమ మణికట్టు మీద వేళ్లు ఆనించాను. జుమ్మని అదురు తగిలింది. హమ్మయ్య, డయాలసిస్ కోసం చేతిలో కుట్టిన ఫిస్టులా ఆడుతోంది. అది ఆగితే లోపల గడ్డకట్టిందేమోనని అప్పటికప్పుడు పరిగెత్తాలి. ధమనిని సిరకి కలిపి కుట్టే ఈ ఉపాయం 1966లో వచ్చిందట. అంతకుముందు గొట్టం చేతి బయటే ఉండేదట. ఆ మాట చెబితే "అయితే అదృష్టవంతుణ్ణే" అన్నాడు నాన్న. వెటకారమో నిజమో అడగలేదు.

సోమవారమంటే నాకు దడ. బుధ, శుక్రవారాలకి ముందు ఒక్కరోజే ఎడం. సోమవారానికి రెండు రోజులు. సెంటర్‌లో తూకం ఎక్కితే 61.2. డ్రై వెయిట్, అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు, 58. లీటరు నీళ్లంటే కిలో బరువు, ఇక దాచేదేముంది?

"నిజం చెప్పు నాన్నా, ఎంత తాగావ్?"

"నువ్వు రాసిందే."

నా పుస్తకంలో రోజుకి 800 మిల్లీలీటర్లే ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది. అందరి ముందూ అరిచాను కూడా. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

ఒక్కసారిగా ఎక్కువ నీరు లాగితే గుండె తట్టుకోదు. కిలో బరువుకి గంటకి 13 మిల్లీలీటర్లు దాటకూడదని డాక్టర్ లెక్క. ఆ లెక్కన నాన్నకి నాలుగు గంటల్లో మూడు లీటర్లే. అందుకని ఇంకో అరగంట పెంచారు. అయినా మూడో గంటలో పిక్క పట్టేసింది. నాన్న అరవడు, పళ్లు బిగిస్తాడు, అంతే. టెక్నీషియన్ నీరు లాగడం ఆపి సెలైన్ ఇచ్చాడు. నేను పాదం పట్టుకుని వేళ్లని మోకాలి వైపు వంచి ఉంచాను. మెల్లగా వదిలింది. పొద్దున అరిచిన నోటితో ఇప్పుడేం మాట్లాడాలో తెలియలేదు.

పక్క బెడ్డాయన భార్య అంతా చూస్తూనే ఉంది. ఆవిడది ఏడేళ్ల అనుభవం. "నీళ్లు దాస్తున్నావా అమ్మా? ముందు ఉప్పు దాచు" అంది. ఉప్పు తింటే దాహం వేస్తుంది, దాహం వేశాక ఎవరూ ఆపలేరు. రెండు నెలలుగా నేను గ్లాసులు కొలిచాను, బిందె మీద మూత బిగించాను, ఆయన కంటపడకుండా వంటింట్లో నిలబడి నీళ్లు తాగాను. కూరలో ఉప్పు మాత్రం ఎప్పట్లాగే వేశాను, నోరు చప్పబడిపోయిందంటున్నాడని జాలిపడి! ఉప్పుకి బదులుగా అమ్మే లో సోడియం ఉప్పు కొందామా అని అడిగితే ఆవిడ ఉలిక్కిపడింది. అందులో పొటాషియం ఉంటుంది, డయాలసిస్ వాళ్లకి అది గుండెకే ఎసరు.

సూదులు తీశాక పది నిమిషాలు ఆ చోట గాజ్ గుడ్డ నొక్కి పట్టుకున్నాను. బరువు 58.1. ఇంటికొచ్చి నాన్న పడుకున్నాడు. డయాలసిస్ రోజు సాయంత్రం ఆయనకి ఉండదు, నిద్రలోనే పోతుంది.

రాత్రి లేచాక ఎదురుగా కూర్చునే గ్లాసెడు నీళ్లు తాగాను. ఆయనకి రెండు ఐసు ముక్కలిచ్చాను. తర్వాత పుస్తకం తీసి నీళ్ల గడి పక్కన ఇంకో గీత గీసి, పైన 'ఉప్పు' అని రాశాను.

ఐసు ముక్క బుగ్గన పెట్టుకునే తొంగి చూశాడు. "దానికీ లెక్కేనా?"

"వంటావిడకి నాన్నా, నీకు కాదు."