ఫోన్లో నువ్వు, ఎదురుగా మీరు

పెళ్లయిన 12వ రోజే తను డాలస్ విమానం ఎక్కేశాడు. నా హెచ్-4 డిపెండెంట్ వీసా స్టాంపింగ్ అయ్యి నేను వెళ్లేసరికి 7 నెలలు. అన్నాళ్ల కాపురమూ వాట్సాప్‌లోనే.

నిజం చెప్పాలంటే ఆ కాపురం బాగానే సాగింది. తనకి రాత్రి 10 అయితే నాకు ఉదయం 8:30. తెనాలి–గుంటూరు బస్సులో కిటికీ పక్కన ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చునేదాన్ని. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పాక, నా బస్సు టైమ్ కోసం తను 9కే చేయడం మొదలుపెట్టాడు. మనిషి ఎదురుగా లేకపోతే నోరెంత తేలిగ్గా పెగులుతుందో! వాళ్ల నాన్న పోయినరోజు తనకి ఏడుపు రాలేదని, అది ఇప్పటికీ గుచ్చుతుందని తను చెప్పింది నేను బస్సులో ఉండగానే. బీటెక్‌లో నేనొకబ్బాయిని ఇష్టపడ్డ సంగతి టైప్ చేసి, చెరిపేసి, మళ్లీ టైప్ చేసి పంపాను. ‘మీరు’ ఎప్పుడు ‘నువ్వు’ అయిందో గుర్తే లేదు.

మార్చిలో డాలస్‌లో దిగాను. ట్రాలీ తోసుకుంటూ బయటికొచ్చి తనని చూడగానే నా నోట్లోంచి ఊడిపడ్డ మాట: “బాగున్నారా?”

తనూ బిత్తరపోయాడు. కార్లో ఇద్దరం రోడ్డు వంకే చూశాం. వీడియోలో భుజాల దాకా తెలిసిన మనిషికి నడకా, గురకా, సాక్సుల వాసనా ఉంటాయని అప్పుడే తెలిసినట్టుంది నాకు. మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఫోన్ చేస్తే మళ్లీ నువ్వే, మళ్లీ నవ్వులే. సాయంత్రం తలుపు తీస్తే మీరు. “కొత్త కాపురం, అంతేలే” అంది అమ్మ. కొత్తేంటి, 7 నెలలైతే!

ఫోన్లో మాట ఆగితే “హలో, వినిపిస్తోందా?” అనేదాన్ని. ఇంట్లో గంటసేపు మాట్లాడకపోతే ఏమనను? కోపమేమో అని నాలో నేనే కుమిలేదాన్ని. షూ విప్పకుండా సోఫా చివర కూర్చున్నాడంటే ఆ రోజు ఆఫీసులో ఏదో అయిందని పట్టుకోవడానికి నెల పట్టింది. అదే ఫోన్లో అయితే “బానే ఉంది” అనేసి దాటేసేవాడు. ఇప్పుడు అడగను, టీ పెడతాను. సగం కప్పు అయ్యాక తనే చెబుతాడు.

మే నెలలో ఒకరోజు కుక్కర్ గాస్కెట్ కనపడలేదు. చూస్తే డిష్‌వాషర్‌లో, స్పూన్ల కింద.

“దీన్ని ఎవరైనా ఇందులో వేస్తారా? నీకసలు బుద్ధుందా?”

గిన్నె తుడుస్తున్న తన చెయ్యి ఆగిపోయింది. “మళ్లీ అను.”

“గాస్కెట్…”

“అది కాదు. చివర్లో అన్నది.”