కాబోయే కార్పొరేటర్ గారి ఫ్లెక్సీ

కార్పొరేషన్ ఎన్నికలు దగ్గరపడ్డాయని బెజవాడలో పేపరు చూసి తెలుసుకోనక్కర్లేదు. దసరాకి దుర్గమ్మ కొండ దిగువన కట్టిన ఫ్లెక్సీల్లో అమ్మవారికన్నా కింద దణ్ణం పెట్టుకుని నిలబడ్డ మనిషి పెద్దగా కనిపిస్తే చాలు, ఆయన ఏదో డివిజన్ మీద కన్నేశాడని అర్థం. నాకైతే అంతకన్నా ముందే తెలిసిపోతుంది. గవర్నర్‌పేటలో చిన్న డీటీపీ, ఫ్లెక్సీ షాపు నాది. అన్ని పార్టీల వాళ్లూ వస్తారు. అందరి ఫొటోలూ నా కంప్యూటర్లో ఉన్నాయి, కొందరివి జుట్టు నెరవకముందువి. "అదే వెయ్యి బ్రదర్, జనం గుర్తుపడతారు" అంటారు.

2021 మార్చి 10న ఓట్లేసి గెలిపించుకున్న కౌన్సిల్‌ది ఐదేళ్ల ముచ్చట. 64 డివిజన్లలో వైసీపీకి 49, టీడీపీకి 14, సీపీఎంకి 1 వచ్చాయప్పుడు. ఇప్పుడు మళ్లీ ఆశావహులు బయల్దేరారు. టికెట్లు ఎవరికో, ఏ డివిజన్ ఎవరికి రిజర్వ్ అవుతుందో తెలియకుండానే "కాబోయే కార్పొరేటర్" అని వేయించుకుపోతున్నారు. ఈ మాట మీద ఎన్ని ఫ్లెక్సీలు కొట్టానో లెక్కలేదు. కాబోయి అయినవాళ్లు అందులో చాలా తక్కువ.

ఫ్లెక్సీలో అసలు పంచాయితీ తలకాయల దగ్గర మొదలవుతుంది. పైన వరసలో పార్టీ అధినేత, ఆ పక్కన ఆయన తండ్రో కొడుకో, తర్వాత ఎంపీ, ఎమ్మెల్యే, ఇన్‌ఛార్జి. ఎమ్మెల్యేకీ ఇన్‌ఛార్జికీ పడకపోతే ఇద్దరి తలలూ ఒకే సైజులో ఉన్నాయో లేదో స్కేలు పెట్టి చూసేవాళ్లున్నారు. మధ్యలో మన అభ్యర్థి. అడుగున పాస్‌పోర్టు ఫొటోల్లో ఇరవై మంది కుర్రాళ్లు, వాళ్లే తలా ఇంత వేసుకుని డబ్బులు కట్టేది. ఒకడి ఫొటో పొరపాటున పోతే రాత్రి పదింటికి ఫోన్. ఇవన్నీ సర్దాక జాగా మిగిలితే ఒక స్లోగన్. డివిజన్ సంగతి రాయడానికి చోటుండదు, రాయమని అడిగినవాళ్లూ లేరు.

నాకు చిరాకు పుట్టేది ఇక్కడే. కార్పొరేటర్ ఎన్నికని మనవాళ్లు చిన్న సైజు అసెంబ్లీ ఎన్నిక చేసేశారు. కరపత్రాల మ్యాటర్ నేనే టైప్ చేస్తాను కాబట్టి చెబుతున్నా, నూటికి తొంభై వాటిల్లో ఉండేది పింఛన్లు, పథకాలు, అమరావతి, పోలవరం. వీటిలో ఒక్కటైనా కార్పొరేటర్ చేతిలో ఉందా? 2021లో ప్రచారమంతా ఇంటి పన్ను మీదే నడిచింది. అద్దె విలువ తీసేసి ఆస్తి విలువ మీద పన్ను వేయాలని, ఏడాదికి 15 శాతం మించి పెంచకూడదని తేల్చింది రాష్ట్ర ప్రభుత్వం. గెలిస్తే తగ్గిస్తామని ఒకళ్లు, పెంచమని ఇంకొకళ్లు చెప్పుకున్నారు గానీ, ఆ చట్టం మార్చడం కార్పొరేటర్ వల్ల అయ్యే పనా? ఆ ఎన్నికలయ్యాక చెత్త పన్ను కూడా అలాగే వచ్చింది, ప్రభుత్వం మారాక 2024 చివర్లో అలాగే పోయింది. రావడానికీ పోవడానికీ మా వీధి కార్పొరేటర్‌ని అడిగినవాళ్లు లేరు.

కార్పొరేటర్ చేతిలో ఉన్నవి చాలా చిన్నవి. సైడు కాలవలో పూడిక ఎప్పుడు తీస్తారు, తీసిన మట్టిని గట్టు మీదే వదిలేయకుండా ఎప్పుడు ఎత్తుకెళ్తారు, కుళాయి నీళ్లు ఎన్నింటికి వస్తాయి, కొండ మీది ఇళ్లకి మోటారుతో నీళ్లు ఎక్కుతున్నాయా లేదా, వీధి దీపం, కుక్కలు, పార్కుకి గేటు. ఇవి కౌన్సిల్లో లేచి అడగాలి, వార్డు సచివాలయం చుట్టూ తిరిగి చేయించాలి. కమిషనర్ దగ్గరికి ఫైలు పట్టుకెళ్లే ఓపికుండాలి. ఇందులో ఏదీ ఫ్లెక్సీకి పనికొచ్చే మేటర్ కాదు, ఒప్పుకుంటాను. "మీ మురుగుకాలవ మా బాధ్యత" అని బంగారు రంగు అక్షరాల్లో వేస్తే చూడ్డానికి బాగోదు. అయినా బాగోకపోతేనేం?

2024 సెప్టెంబర్ 1 తర్వాత కూడా ఎవరైనా మురుగుకాలవ గురించి మాట్లాడకుండా ఓట్లడిగితే నేను ఊరుకోను. మాది సింగ్‌నగర్ వైపు. బుడమేరు వాగుకి గండ్లు పడి, ఆదివారం తెల్లవారేసరికి కింది వాటాలు మునిగిపోయాయి. అదే వరదలో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చినా, రిటైనింగ్ వాల్ పుణ్యమా అని నది ఒడ్డునున్న కృష్ణలంక చాలావరకు గట్టెక్కింది. కట్టాల్సింది కడితే ఊరు నిలబడుతుందని అక్కడ కళ్లారా చూశాం. మా వైపేమో బుడమేరు, పైగా వచ్చిన నీళ్లు పోయే దారి లేదు. కేంద్రం ఇచ్చిన 461 కోట్లతో వాన నీటి కాలవల పని మొదలెట్టి మధ్యలో వదిలేశారు. ఆ కాలవలు పూర్తయి ఉంటే వరద రాకుండా పోయేదని అనను, నీళ్లు కాస్త ముందు దిగేవేమో. ఆ కాలవ ఎక్కడిదాకా వచ్చి ఆగిందో మీ డివిజన్లో నిలబడ్డ మనిషిని అడిగి చూడండి. చెప్పగలిగితే ఏ పార్టీ అయినా సరే, ఆలోచించొచ్చు.

ఆ వరదలో మా వీధిలోకి ట్రాక్టరు మీద పాల ప్యాకెట్లు, నీళ్లు తెచ్చినాయన అంతకుముందు ఎన్నికల్లో ఓడిపోయిన మనిషి. పక్కన ఫొటో తీసే కుర్రాడు కూడా ఉన్నాడనుకోండి. ఉండనీ, పాలు మాత్రం నిజమైనవే. ఈసారి ఆయన మళ్లీ నిలబడతానంటున్నాడు. ఫ్లెక్సీలో వరద ఫొటో వేద్దామా అని నేనే అడిగాను. "వద్దులే, మా నాయకుడి ఫొటో చిన్నదైపోద్ది" అన్నాడు.

మహిళల సీట్ల సంగతి ఇంకో కథ. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లకే. ఏ డివిజన్ మహిళలకి పడుతుందో ముందు తెలియదు కాబట్టి తెలివైనవాళ్లు రెండు డిజైన్లు చేయించి పెట్టుకుంటారు, ఒకటి తన పేరుతో, ఒకటి భార్య పేరుతో. భార్య ఫొటో అడిగితే ఎవరి పెళ్లిలోనో తీసిన గ్రూపు ఫొటో వాట్సాప్‌లో పంపిస్తారు, అందులోంచి ఆమెని కత్తిరించుకోవాలి. ఆమె ఫొటో పక్కనే అంతే సైజులో ఈయన. ఫోన్ నంబరు ఈయనది. అభ్యర్థి గొంతు కూడా నేను ఎప్పుడూ వినలేదు. 2000లో పంచుమర్తి అనూరాధ గారు మేయర్ అయినప్పుడు జనమే నేరుగా ఓటేసి ఎన్నుకున్నారు. పాతికేళ్ల పైచిలుకు అమ్మాయి ఇంత పెద్ద ఊరికి మేయర్ అంటే మా ఇంట్లో ఆడవాళ్లు గొప్పగా చెప్పుకునేవాళ్లు. ఇప్పుడు మేయర్‌ని కార్పొరేటర్లు చేతులెత్తి ఎన్నుకుంటారు, ఎమ్మెల్యేలకీ ఎంపీలకీ కూడా అందులో ఓటుంటుంది. జనం ఓటేసిన తర్వాత కూడా లెక్కలు మారిపోతాయి. 2025లో గుంటూరు మేయర్ రాజీనామా చేసి, మధ్యలోనే కుర్చీ అవతలి పార్టీకి వెళ్లిపోలేదా? అక్కడ వైసీపీ గెలిచింది 57లో 44 డివిజన్లు!

ఇద్దరు పిల్లల నిబంధన కూడా 2024లో ఎత్తేశారు. ముగ్గురు పిల్లలున్నారని ఇన్నాళ్లు ఇంట్లోవాళ్లని నిలబెట్టి వెనక తిరిగిన పెద్దమనుషులు ఇప్పుడు స్వయంగా వస్తున్నారు. నాకు ఆ రూల్ పోవడం మీద పెద్ద అభ్యంతరం లేదు. పిల్లల లెక్కకీ కాలవలో పూడికకీ ఏం సంబంధం?

డబ్బు గురించి రాయకపోతే మీరే కామెంట్లో రాస్తారు కాబట్టి రెండు ముక్కలు. డివిజన్‌లో ఓట్లు తక్కువ, తేడాలు వందల్లో ఉంటాయి. అందుకే కవర్ల పంపకం అసెంబ్లీ ఎన్నికకన్నా ఇక్కడ పదునుగా పనిచేస్తుంది. స్లిప్పుల పంపిణీ పేరుతో ఏ ఇంట్లో ఎన్ని ఓట్లో ముందే రాసుకుంటారు. తీసుకున్నవాళ్లని నేను తిట్టను. ఇచ్చినవాడు అది ఐదేళ్లలో ఎక్కడ రాబట్టుకుంటాడో మాత్రం కొత్త అపార్ట్‌మెంట్ కట్టేవాళ్లని అడిగితే చెబుతారు.

నా వరకు వస్తే ఎన్నికలంటే సీజనే గానీ లాభాల సీజన్ అనుకోకండి. 2020 మార్చిలో నామినేషన్లు పడగానే మెటీరియల్ అంతా కొట్టించి పెట్టాను. 15వ తేదీన కరోనా అని ఎన్నికలు ఆపేశారు. ఏడాది తర్వాత ఆపిన దగ్గర్నుంచే మళ్లీ మొదలెట్టారు. అభ్యర్థులు వాళ్లే, ఫ్లెక్సీలు మాత్రం ఎలకలు కొట్టేశాయి. ఒకాయన పాత బాకీ తీర్చకుండా మాస్కుతో కొత్త ఫొటో దిగి, కొత్త ఆర్డరిచ్చాడు. ఓడిపోయాక ఫోన్ ఎత్తలేదు. గెలిచిన ఇంకొకాయన కూడా ఎత్తలేదు, ఆ విషయంలో పార్టీల మధ్య తేడా లేదు. 2022లో ప్లాస్టిక్ ఫ్లెక్సీలు నిషేధిస్తామని అప్పటి ముఖ్యమంత్రి విశాఖలో ప్రకటించినప్పుడు మా లైన్లో అందరికీ గుండె ఆగినంత టెన్షన్. ఇప్పుడు రూల్ ఒక్కటే, డబ్బు చేతిలో పడితేనే ప్రింటు.

ఈ మధ్య ఒకావిడ ఒంటరిగా షాపుకొచ్చింది. చిట్టినగర్ అవతల కొండమీద ఇల్లు, డ్వాక్రా గ్రూపు నడుపుతుందట. ఆరడుగుల ఫ్లెక్సీ ఒకటి కావాలంది. పైన నాయకుల ఫొటోలు ఎవరివి వేయాలమ్మా అంటే "ఇంకా టికెట్ ఎక్కడండీ, ఎవరిదీ వద్దు" అంది. తన ఫొటో చిన్నది చాలట. మెట్ల దారిలో రెయిలింగ్ విరిగిన చోట్లు, నీళ్లెక్కని వరసల పేర్లు, వాటికి తను ఇచ్చిన అర్జీల తేదీలు ఒక నోట్‌బుక్కులోంచి చదివి టైప్ చేయించింది. ఇంత మ్యాటర్ పెడితే రోడ్డు మీద ఎవరూ చదవరమ్మా అన్నాను. "మెట్లెక్కేవాళ్లు మధ్యలో ఆగుతారండి ఆయాసానికి, అక్కడ కడతాను. నంబరు మాత్రం పెద్దగా వెయ్యండి, నాది" అంది. డబ్బు మొత్తం ముందే ఇచ్చేసింది.

మాది వేరే డివిజన్, ఆమెకి వేయడానికి నాకు ఓటు లేదు. ఫ్లెక్సీ కట్టడానికి అంచుల్లో కొట్టే రింగులు, ఐలెట్లు, వాటికి మాత్రం డబ్బు తీసుకోలేదు.