సిమెంటు దిమ్మ తీసిన చోట

టంగుటూరు దాటాక హైవే మీద లారీ గుద్దినప్పుడు నా ఎడమ మోకాలి కింది ఎముక నుజ్జయి, ముక్కలు మట్టిలో కలిశాయి. చెడిపోయినదంతా తీసివేశాక మధ్యలో నాలుగు వేళ్ళ వెడల్పు ఖాళీ మిగిలింది. ఒంగోలు నుంచి నెల్లూరుకు తరలించడం, రక్తం ఎక్కించడం, కాలి బయట కడ్డీలు బిగించడం అందరికీ జరిగేవే కనుక వాటిని వదిలేస్తాను.

వదలలేనిది ఒక రాత్రి. జ్వరం తగ్గడం లేదు, కట్టు దాటి చీము వాసన వస్తోంది. డ్యూటీ డాక్టరు నా ముఖం చూడకుండానే మా అన్నతో, "ఇంత ఎముక పోయాక మళ్ళీ రాదు. కాలు తీయిస్తే త్వరగా ఇంటికి పోవచ్చు" అని చెప్పి వెళ్ళిపోయాడు. కాలు తీయక తప్పని సందర్భాలు ఉంటాయని నాకూ తెలుసు, కానీ రోగి మెలకువగా ఉన్నాడో లేదో చూసుకోవాలన్న ఇంగితం ఆయనకు లేకపోయింది. తెల్లవార్లూ దుప్పటి కింద బొటనవేలిని కదిపి చూసుకుంటూనే ఉన్నాను.

మర్నాడు పెద్ద డాక్టరు గారు అమ్మను స్టూలు మీద కూర్చోబెట్టి, మందుల చీటీ వెనుక బొమ్మ గీసి, మాస్కెలే అనే ఫ్రెంచి సర్జన్ 1980లలో మొదలుపెట్టిన పద్ధతిని వివరించారు. యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు దిమ్మను ఖాళీలో పెడితే, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో దాని చుట్టూ శరీరమే ఒక పొరను అల్లుకుంటుంది; ఆ పొరలో రక్తనాళాలూ, ఎముకను పెంచే ప్రొటీన్లూ ఉంటాయి; తరువాత దిమ్మను తీసి, పొరను ఉంచి, తుంటి నుంచి తీసిన ఎముక పలుకులతో ఆ సంచిని నింపుతారు. "సిమెంటేంది సారూ, కాలా గోడా?" అన్నది అమ్మ. ఆయన విసుక్కోకుండా, అది గోడల సిమెంటు కాదనీ, ఎముకల ఆపరేషన్లలో వాడే వేరే పదార్థమనీ చెప్పారు. ఆ ఒక్క కారణానికే నేను ఆయనకు జన్మంతా రుణపడి ఉంటాను.

రెండు ఆపరేషన్ల నడుమ మా బావ ఒక ఏజెంటును వెంటబెట్టుకొచ్చాడు. మూలకణాల (స్టెమ్ సెల్స్, అంటే వేరే రకం కణాలుగా మారగల కణాలు) ఇంజెక్షనుతో ఎముక దానంతటదే మొలుస్తుందట, ఖర్చు లక్షల్లోనట! డాక్టరు గారిని అడిగితే, ఎముక పెరగడానికి కణాలొక్కటే చాలవనీ, అవి పట్టుకుని నిలవడానికి కాల్షియం ఫాస్ఫేటు వంటి పదార్థంతో చేసిన ఆధారం, పెరగమని చెప్పే ప్రొటీన్లు, అన్నిటికీ మించి రక్తప్రసారం కావాలనీ చెప్పారు. రక్తనాళానికి మిల్లీమీటరులో అయిదో వంతు దూరం దాటితే కణానికి ప్రాణవాయువు అందడం కష్టం; అందుకే ప్రయోగశాలలో పెంచిన పెద్ద ముక్కను పెడితే దాని నడిమి భాగం చచ్చిపోతుంది. ఎముకను మొలిపించే గుణం ఎముకలోనే ఉందని యూరిస్ట్ అనే అమెరికా వైద్యుడు 1965లోనే చూపినా, ఈ రక్తం చిక్కు నేటికీ పూర్తిగా వీడలేదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నాటి మార్గదర్శకాల ప్రకారం ఇటువంటి మూలకణ చికిత్స అనుమతి పొందిన పరిశోధనలో తప్ప చేయరాదు, దానికి రోగి నుంచి డబ్బు తీసుకోరాదు. మంచం మీద ఉన్నవాడి భయాన్ని అమ్ముకునేవాళ్ళను గడప తొక్కనీయకండి. బీడీ, సిగరెట్టు మానండి, అవి ఎముకను అతకనీయవు.

నెలలు గడిచాక ఎక్స్‌రేలో ఖాళీ చోట తెల్లని మసక కనబడింది. అమ్మ అది పెంచలకోన నరసింహస్వామి చలవ అంటుంది, నేను కాదనను. ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నాను. నొప్పి మాత్రం కాలిలో కన్నా, ఎముక తీసిన తుంటిలోనే ఎక్కువ. తుంటిని కోయకుండా ఆ సంచిని నింపే పదార్థం కోసమే ఇన్ని దేశాల్లో పరిశోధనలు సాగుతున్నాయని డాక్టరు గారు అన్నప్పుడు, మంచం దిగుతూ నడుము పట్టుకుని, త్వరగా కానివ్వమన్నాను.