ఎల్ పిలార్‌లో కనిపించని పిరమిడ్

మధ్య అమెరికాలోని బెలీజ్‌కు బయల్దేరేముందు మా అమ్మాయి ఒకే ఒక షరతు పెట్టింది: "నాన్నా, కనిపించిన ప్రతి మొక్క దగ్గరా ఆగకూడదు." హ్యూస్టన్ నుంచి విమానంలో రెండున్నర గంటలు. ఆ షరతు విమానాశ్రయం గేటు దగ్గరే వీగిపోయింది.

మొదటిరోజు ప్రాచీన మాయా ప్రజల శిథిల నగరం షునాన్‌తునిచ్. మోపాన్ నదిని బల్లకట్టు మీద దాటి కొండెక్కితే, ఎదురుగా నలభై మీటర్ల ఎల్ కాస్టియో పిరమిడ్. చుట్టూ దువ్వినట్టున్న పచ్చిక. ఫొటోలకు అంతకంటే ఏం కావాలి? కానీ ముప్పై ఏళ్లు తోటల పనిలో ఉన్నవాణ్ని, నాకు ఆ పచ్చికే గుచ్చుకుంది. ఒకప్పుడు మా వైపు ఒక పాత శివాలయం చుట్టూ నేనూ ఇదే చేశాను. పొగడ చెట్లు కొట్టించి లాన్ వేయించాను. అందరూ భేష్ అన్నారు. రెండు వేసవులు తిరిగేసరికి లాన్ ఎండిపోయింది. పొగడలు పోనే పోయాయి.

మర్నాడు ఎల్ పిలార్. బుల్లెట్ ట్రీ ఫాల్స్ అనే ఊరు దాటాక అంతా గుంతల దారి. అడవిలో కాసేపు నడిచాక అమ్మాయికి విసుగొచ్చింది. "ఇంతకీ పిరమిడ్ ఎక్కడ?"

దారి చూపుతున్న పెద్దాయన నవ్వాడు. "ఇప్పుడు మీరు ఎక్కుతున్నది అదే."

మేము గుట్ట అనుకున్నదంతా కట్టడమే. 1983లో అనబెల్ ఫోర్డ్ అనే అమెరికన్ పురావస్తు శాస్త్రవేత్త సర్వే చేసి పటం గీసిన నగరం ఇది. గ్వాటెమాలా సరిహద్దు దీని మధ్యలోంచే పోతుంది. అన్నీ తవ్వి, చెట్లు నరికి ప్రదర్శనకు పెట్టడం ఆమెకు ఇష్టం లేదు. ఇక్కడిది సున్నపురాయి. నీడ తీసేస్తే ఎండకు కాగి, వానకు నాని పెళుసుబారుతుంది. సందుల్లో గడ్డి మొలుస్తుంది, ఇక జీవితాంతం పీకుతూ ఉండాల్సిందే. అలాగని చెట్లన్నీ మంచివేమీ కావు; తుపానుకు కూలే మాను వేళ్లతో పాటు గోడనూ పెకలిస్తుంది. అందుకే గోడల మీద మొలిచినవాటిని చూసి తీసేస్తారు, నీడనిచ్చేవాటిని ఉంచుతారు. పూర్తిగా బయటపెట్టిన ఇల్లు ఒక్కటే, త్సునూన్. హమ్మింగ్‌బర్డ్ అని ఆ మాటకు అర్థం.

ఒక మాను దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. బెరడు నిండా ఏటవాలు గాట్లు, ఒకదాని కిందికి ఒకటి దిగుతూ. చూయింగ్ గమ్ కోసం ఎప్పుడో పాలు తీసినవాళ్ల కత్తి గుర్తులు. చెట్టేమిటంటారా? సపోటా! మన బజార్లో బుట్టల్లో పోసి అమ్మే సపోటాకు పుట్టిల్లు ఈ ప్రాంతమే. గ్వాటెమాలాలోని టికాల్ మాయా గుడుల్లో ద్వారాల పైన అడ్డంగా వేసిన దూలాలు ఈ కలపే, వెయ్యేళ్లు దాటినా నిలిచాయి. ఇంకొంచెం ముందుకు వెళితే మన తెల్లబూరుగు. మాయా ప్రజలకు అది పాతాళాన్నీ భూమినీ ఆకాశాన్నీ కలిపే చెట్టు. ఎర్రగా పొట్టు లేచిన మరో చెట్టును ఇక్కడివాళ్లు 'టూరిస్టు చెట్టు' అంటారట. ఎండకు కమిలిన తెల్లవాళ్ల చర్మంలా ఉంటుందని! అమ్మాయి మొదటిసారి తనే ఒక చెట్టుకు ఫొటో తీసింది.

చెట్ల కింద మోకాలెత్తు పొట్టి తాటిజాతి మొక్కలు. వాటిని షాటే అంటారు. పూలగుత్తుల్లో పెట్టడానికి ఆకు ఎగుమతి అవుతుంది కాబట్టి బెలీజ్‌లోని చికిబుల్ అడవిలో దొంగతనంగా కోసుకుపోతున్నారు. పచ్చిక వేసిన చోట అయితే కోయడానికి కూడా మిగలదు.

తిరిగి వస్తుంటే బాట మీద విరిగిపడ్డ కొమ్మ. దానికి అంటుకుని ఒక ఆర్కిడ్, ఆల్చిప్పలాంటి ముదురు ఊదా పువ్వుతో. బెలీజ్ జాతీయ పుష్పం. ఎండలో పడి ఉంటే చచ్చిపోతుందని పెద్దాయన బెరడుతో సహా దాన్ని ఒలిచాడు. నారకోసం చుట్టూ చూస్తుంటే నా బూటు తాడు విప్పి ఇచ్చాను. నీడవైపు మాను చూసి, వేళ్లు నలగకుండా రెండు చుట్లు చుట్టి ముడివేశాడు.

జీపు దాకా ఒక కాలు ఈడ్చుకుంటూ నడిచాను.