బ్రౌజర్ నెమ్మదికి కారణం దొరికింది

రెండు వారాలుగా ఏ పేజీ తెరిచినా అలా తిరుగుతూనే ఉంటే నెట్ కనెక్షన్‌నే తిట్టుకున్నాను. రోజూ క్యాషే తుడిచేసేదాన్ని కూడా, అది ఎంత పొరపాటో ఇప్పుడు తెలిసింది: దాచుకున్న బొమ్మలు, స్క్రిప్టులు పోతే బ్రౌజర్ వాటన్నిటినీ మళ్లీ మొదటినుంచి దించుకోవాలి కదా! నిన్న రాత్రి, చూసిన పేజీల హిస్టరీ గుర్తుపెట్టుకోని ఇన్‌కాగ్నిటో విండోలో అవే పేజీలు చకచకా వచ్చేసరికి అనుమానం బ్రౌజర్‌కి మనం తగిలించుకునే చిన్న అదనపు ప్రోగ్రాములైన ఎక్స్‌టెన్షన్ల మీదకు మళ్లింది, ఎందుకంటే మనం అనుమతిస్తే తప్ప అవి అందులో పనిచేయవు. చూస్తే 11 ఉన్నాయి, చాలావాటికి అన్ని సైట్లలోని డేటా చదివే అనుమతి ఉంది, కొన్ని ఎప్పుడు పెట్టానో కూడా గుర్తులేదు. 3 ఉంచి మిగతావి తీసేశాను. సైటు పేరుకి దాని నంబరు అడ్రసు వెతికిపెట్టే డీఎన్ఎస్ సర్వర్‌ని కూడా 1.1.1.1కి (క్లౌడ్‌ఫ్లేర్ వాళ్లది) మార్చాను, కానీ దానివల్ల సైటు అడ్రసు వెతకడం త్వరగా అవ్వొచ్చు గానీ డౌన్‌లోడ్ వేగం పెరగదు. అసలు తేడా ఎక్స్‌టెన్షన్లతోనే వచ్చింది, ఇవాళ పని చేసుకుంటుంటే ఎంత హాయిగా ఉందో!