గాడోలినియం కూలర్: ప్లేట్ల పేర్పు దాకా వచ్చిన పని

అయస్కాంతంతో చల్లబరిచే కూలర్ ఒకటి చేస్తున్నాను. పోయినసారి లాగ్ ఒక్క గాడోలినియం (ఒక లోహం) ముక్క దగ్గర ఆగింది. ఇప్పుడు ప్లేట్లు, నీళ్లు, అయస్కాంతం అన్నీ ఒకే బల్ల మీదికి చేరాయి. చల్లబడుతోంది, అయితే దీన్ని ఫ్రిజ్ అనడానికి ఇంకా చాలా దూరం ఉంది.

కొత్తగా చదివేవాళ్లకు రెండు మాటలు. గాడోలినియాన్ని అయస్కాంత క్షేత్రంలోకి నెడితే వేడెక్కుతుంది. ఆ వేడిని నీళ్లతో లాగేసి, ముక్కను క్షేత్రం నుంచి బయటికి తీస్తే, మొదట ఉన్నదానికంటే చల్లబడుతుంది. 1917లో వైస్, పికార్ అనే శాస్త్రవేత్తలు నికెల్‌లో గమనించింది ఈ ప్రభావాన్నే. గాడోలినియంతో సుఖం ఏమిటంటే, దాని క్యూరీ ఉష్ణోగ్రత (అది దాటితే లోహం ఇనుములాంటి అయస్కాంత గుణం కోల్పోతుంది) 20 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటుంది, ప్రభావం గట్టిగా కనిపించేదీ అక్కడే. గది బాగా వేడిగా ఉన్నరోజు అదే ముక్క నీరసంగా పనిచేస్తుంది. అందుకే నీళ్లను ముందే 20కి దించి మొదలుపెడుతున్నాను.

అయస్కాంతం మామూలుదే. రెండు నియోడిమియం బ్లాకులు, వెనక మైల్డ్ స్టీల్‌తో సి ఆకారపు చట్రం. మధ్య ఖాళీలో క్షేత్రం 0.7 టెస్లా (క్షేత్ర బలానికి కొలమానం) దాకా వస్తోంది. అమర్చేటప్పుడు బ్లాకుల మధ్య చెక్క దిమ్మ పెట్టుకోండి, వేలు ఇరుక్కుంటే నలిగిపోతుంది. గాడోలినియం పొడికి సులువుగా నిప్పు అంటుకుంటుంది కాబట్టి గ్రైండర్ జోలికి పోకుండా కోసిన ప్లేట్లే తీసుకున్నాను.

ఎక్కువ సమయం తిన్నది కొలతే. చాలామంది వాడే థర్మోకపుల్ (రెండు లోహపు తీగల ఉష్ణోగ్రత సెన్సర్) చిప్ 0.25 డిగ్రీల మెట్లతో చదువుతుంది. మనం చూడాల్సిన మార్పే ఒకటిన్నర డిగ్రీ, అంటే మొత్తం కథ ఆరు మెట్లలో అయిపోతుంది. దాని బదులు గింజంత కూడా లేని బీడ్ థర్మిస్టర్ (వేడిని బట్టి నిరోధం మారే పూస), దాని వోల్టేజీని అంకెలుగా మార్చే 16 బిట్ల ఏడీసీ పెట్టాను. బీడ్ ఎంత చిన్నదైతే ప్లేటు వేడిని అంత తక్కువగా దొంగిలిస్తుంది. వైర్లు మెలిపెట్టి ఉండాలి, లేకపోతే అయస్కాంతం దగ్గరకొచ్చిన ప్రతిసారీ వాటిలో వోల్టేజీ పుట్టి ఉష్ణోగ్రతలా నటిస్తుంది.

ప్లేటును ఎటు తిప్పి పెడతామన్నది కూడా ముఖ్యమే. క్షేత్రం ప్లేటు పొడవు వెంబడి వెళ్తే 1.5 డిగ్రీలు పెరిగింది. అదే ప్లేటును క్షేత్రానికి అడ్డంగా నిలబెడితే 0.6 దాటలేదు. పల్చటి ప్లేటు అడ్డంగా ఉన్నప్పుడు దాని సొంత అయస్కాంతత్వమే లోపలి క్షేత్రాన్ని తగ్గించేస్తుంది మరి.

ఒకటిన్నర డిగ్రీతో ఏం చల్లబరుస్తాం? అక్కడే రీజనరేటర్ కావాలి, అంటే చక్రం చక్రానికీ ఈ చిన్న తేడాలను కూడబెట్టే ప్లేట్ల పేర్పు. 1 మి.మీ. ప్లేట్ల మధ్య 0.3 మి.మీ. నైలాన్ దారం పెట్టి, అంచులు అతికించి పేర్చాను. క్షేత్రంలోకి నెట్టడం, నీళ్లను వేడి చివరకు తోయడం, బయటికి లాగడం, నీళ్లను చల్లని చివరకు తేవడం, ఇదే చక్రం. నీళ్లను అటూ ఇటూ తోసేది ఒకే స్టెప్పర్ మోటారుకు (అడుగు అడుగుగా తిరిగేది) కట్టిన రెండు సిరంజీలు. మామూలు నీళ్లలో గాడోలినియం తుప్పు పడుతుంది కాబట్టి డిస్టిల్డ్ వాటర్‌లో తుప్పు నిరోధకం కలిపాను.

చక్రం వేగం పెంచాలంటే ప్లేట్లు పల్చన చేయాలనే అందరికీ తోస్తుంది. లెక్క వేస్తే కథ వేరే. 1 మి.మీ. ప్లేటు నడిమి నుంచి వేడి బయటికి రావడానికి 0.05 సెకన్లు చాలు. 0.3 మి.మీ. నీటి పొరకు 0.15 సెకన్లకు పైనే పడుతుంది. లోహం సిద్ధంగానే ఉంది, ఆలస్యమంతా నీళ్లదే. పొర మందం సగమైతే ఈ సమయం నాలుగో వంతుకు పడిపోతుంది, కాకపోతే నీళ్లు తోయడానికి మోటారు మీద భారం పెరుగుతుంది.

ప్రస్తుతం రెండు చివర్ల మధ్య తేడా 4 డిగ్రీల దగ్గర నిలిచిపోతోంది. అనుమానం ట్యూబుల మీద. పేర్పుకూ సిరంజీకీ మధ్య ట్యూబులో ఉన్న నీళ్లు అక్కడక్కడే అటూ ఇటూ ఊగుతున్నాయి తప్ప చివరిదాకా చేరట్లేదు. సిరంజీలను పేర్పుకే అతికించి, చుట్టూ ఫోమ్ వేస్తున్నాను. దారం కూడా 0.15కి మారుస్తాను.

లాంథనం-ఇనుము-సిలికాన్ మిశ్రమం ఎందుకు వాడలేదని అడిగారు. అందులో హైడ్రోజన్ కలిపి క్యూరీ ఉష్ణోగ్రతను కావలసిన చోటికి జరపొచ్చు, ఒక్కో పొరకు ఒక్కో ఉష్ణోగ్రత పెట్టొచ్చు. నాకూ అదే ఆశ. కానీ అది పెళుసు, ఎక్కువగా రేణువులుగానే వాడతారు. నీళ్ల సమస్య తేలకముందే దాన్ని తెస్తే ఏ లోపం దేనిదో తెలియదు. 4 డిగ్రీలు 7 అయ్యాక చూద్దాం.